రెడ్ అలర్ట్ అన్నా అమ్మ గడప దాటలేదు. మీ ఇళ్ళల్లో కూడా ఇంతేనా?

గోదారిగట్టు
నవంబరు 1, 2025, రాత్రి 9:12

మొన్న మోంథా తుపాను తీరం దాటిన రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. నేనుండేది హైదరాబాదు. అమ్మ ఒక్కతే ఊళ్ళో. కోనసీమ, సముద్రానికి అయిదు కిలోమీటర్లు. 27 పొద్దుట్నుంచి 28 సాయంత్రం దాకా పద్నాలుగుసార్లు ఫోన్ చేసుంటాను.

సచివాలయం వాళ్ళొచ్చి చెప్పారు. మైకు ఆటో వీధి వీధీ తిరిగింది. ఫోన్‌కి మెసేజీలొచ్చాయి. టీవీ సంగతి సరేసరి. హెచ్చరిక అందలేదనడానికి లేదు. అర్థం కాలేదనడానికీ లేదు, "రాత్రికి దాటుతుందంటరా, గాలి గంటకి వంద దాకా ఉంటుందంట" అని నాకే తిరిగి చెప్పింది. అయినా షెల్టరుగా పెట్టిన బడికి వెళ్ళలేదు.

ఎందుకమ్మా అంటే పూటకో కారణం. గేదెలు రెండున్నాయి. బడిలో బాత్రూం తలుపుకి గడియ లేదు. 96 తుపానుకే పడని ఇల్లు ఇప్పుడు పడుతుందా. ఆఖరికి "నువ్వక్కడ కూర్చుని కంగారు పడకు, అన్నం తిను" అని పెట్టేసింది.

రాత్రి పదకొండున్నర నుంచి ఫోన్ కలవలేదు. తెల్లారి ఆరున్నరకి పక్కింటి మావయ్యగారి ఫోన్ నుంచి చేసింది. పశువుల పాక మీద కొబ్బరిచెట్టు ఒకటి పడిందట. గేదెలకేం కాలేదు, ఇల్లు నిక్షేపంగా ఉంది. ఆవిడ నోట వచ్చిన మొదటి మాట: "చూశావా, నే చెప్పలా?"

నాకు అసలు భయం ఆ మాటతోనే మొదలైంది. వచ్చేసారి ఇంకేం కదులుతుంది? మీ అమ్మానాన్నలతో మీరెలా వేగుతున్నారో చెప్పండి.

పులస_ప్రియుడు
నవంబరు 1, రాత్రి 9:30

మా నాన్న ఇంకో రకం అండి. తుపాను షెల్టరుకి వెళ్ళాడు, పేరు రాయించుకున్నాడు, పులిహోర తిన్నాడు, తిరిగి ఇంటికొచ్చి పడుకున్నాడు. ఇంటికొకరం వెళ్తే చాలంట, బియ్యం అందరికీ వస్తాయంట. ఆయ్.

బారువ_కెరటం
నవంబరు 1, రాత్రి 10:05

మాది సిక్కోలు జిల్లా, వేట కుటుంబం. నేనిప్పుడు ఉద్యోగంలో ఉన్నాను గానీ అయ్య, అన్న ఇప్పటికీ బోటు మీదే.

హెచ్చరిక అంటే మాకు రెండుంటాయి. ఒకటి మత్స్యశాఖ వాళ్ళు వేటకెళ్ళొద్దని చెప్పేది. రెండోది సముద్రం చెప్పేది. కెరటం లెక్క మారుతుంది, ఎండ ఉన్నా నీళ్ళ రంగు మారుతుంది, గాలి తిరుగుతుంది. రెండూ ఒకటే చెప్తే ఎవ్వడూ తెప్ప దించడు. ఒకటి ఔనని ఇంకోటి కాదంటేనే చిక్కు. 2018 తిత్లీకి అదే జరిగింది. అక్టోబరు 10 సాయంత్రం దాకా మా ఒడ్డున అంత గాలేటీ లేదు. అయ్య "ఇదేటి తుపాను?" అన్నాడు. తెల్లారకముందే వజ్రపుకొత్తూరు, పలాస దగ్గర దాటింది. తెల్లారి చూస్తే ఉద్దానంలో జీడి లేదు, కొబ్బరి లేదు. ముప్పై ఏళ్ళు పెంచిన తోటలు ఒక్క రాత్రికి పడుకున్నాయి.

ఇంకో సంగతి. సముద్రం ఒడ్డు ఖాళీ చేయించారు, ప్రాణాలు నిలబడ్డాయి, దానికి దణ్ణం పెట్టాలి. కానీ తోటల్లోని ఊళ్ళోళ్ళు తుపానంటే మత్స్యకారుల బాధే అనుకున్నారు. సరిహద్దు అవతల ఒడిశాలో గజపతి జిల్లా ఉంది, అది కొండల దేశం, సముద్రమే కనబడదు. ఆ తుపాను వానకే బరాఘరా అనే ఊళ్ళో కొండచరియ పడి మనుషులు పోయారు.

మబ్బుల_మాస్టారు
నవంబరు 1, రాత్రి 11:20

నేను ఫిజిక్స్ చెప్పుకునేవాణ్ణి. వాతావరణం పిచ్చి. వాతావరణ శాఖతో సంబంధం లేదు, ముందే చెప్తున్నా.

గోదారిగట్టు గారూ, అమ్మగారికి అర్థమైందన్నారు. నాకు అంత నమ్మకం లేదు. ఆవిడ మీద కాదు, మన భాష మీద.

రేవుల్లో ఎగరేసే నంబర్లే తీసుకోండి. 1, 2 దూరపు హెచ్చరికలు: ఒకటంటే దూరాన తుపాను పుట్టే వాతావరణం ఉందని, రెండంటే పుట్టిందని. 3, 4 స్థానిక హెచ్చరికలు. 5, 6, 7 ప్రమాదం. 8, 9, 10 పెను ప్రమాదం. కిటుకంతా ఇక్కడుంది. టీవీలో "అయిదు నుంచి ఆరుకి పెంచారు" అనగానే ముప్పు ఒక మెట్టెక్కిందని మనం అనుకుంటాం. అది కాదు. 5 అంటే రేవుని ఎడమ చేతివైపు వదిలి తుపాను పోతుందని. 6 అంటే కుడి చేతివైపు వదిలి పోతుందని. 7 అంటే రేవు మీదుగానో దగ్గరగానో దాటుతుందని. 8, 9, 10కీ ఇదే వరస, తుపాను మాత్రం పెద్దది. (తూర్పు నుంచి వచ్చి మన తీరం ఎక్కే తుపానుకి కుడిపక్క గాలి సముద్రాన్ని నేల మీదికి నెడుతుంది, నీళ్ళ పోటు అటే ఎక్కువ. ఆ లెక్కన 6 చూసి కంగారు పడ్డవాళ్ళు అనుకోకుండా కరెక్టే!) ఇక 11. పదకొండు అంటే మహాప్రళయం అనుకుంటారు. దాని అర్థం, తుపాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం బాగాలేదని ఇక్కడి అధికారికి అనిపిస్తోంది అని. అంతే.

ఇవన్నీ ఓడలవాళ్ళ కోసం పుట్టిన గుర్తులు. ఓడ సరంగుకి ఎడమా కుడీ కావాలి. పెంకుటింట్లో ఉన్న మామ్మగారికి దాంతో ఏం పని?

వాన సంగతి ఇంకా తమాషా. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే "భారీ". 115.6 నుంచి "అతి భారీ". 204.5 నుంచి "అత్యంత భారీ". అతి, అత్యంత! కాగితం మీద వాటి మధ్య ఒక ఊరు మునిగేంత తేడా ఉంది. చెవికి ఏం తేడా ఉంది?

తెలుగుబడి
నవంబరు 1, రాత్రి 11:48

సంస్కృతం దగ్గర అప్పు తెచ్చుకుంటే ఇలాగే ఉంటుంది మాస్టారూ. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను, తీవ్ర తుపాను, అతి తీవ్ర, అత్యంత తీవ్ర, ఆపైన సూపర్ సైక్లోన్. మెట్లెక్కీ ఎక్కీ విశేషణాలు అయిపోయి ఇంగ్లీషులో పడ్డాం. "వాయుగుండం" ఒక్కటే బతికున్న మాట. మా అమ్మమ్మ కోపంగా ఉన్న తాతయ్యని చూసి "వాయుగుండం పట్టింది" అనేది.

"ఉప్పెన" ఇంకో మంచి మాట. దాన్ని మాత్రం ఎవరూ వాడరు. "తుపాను ప్రభావంతో అలలు సాధారణం కంటే ఒక మీటరు ఎత్తున ఎగసిపడే అవకాశం" అంటారు. నీళ్ళు ఊళ్ళోకొస్తాయి అని చెప్పరు.

రిటైర్డ్_వీఆర్వో
నవంబరు 2, ఉదయం 6:10

పొద్దున్నే చదివాను. నాది కృష్ణా డెల్టా. ముప్పై ఏళ్ళు తీర మండలాల్లోనే ఉద్యోగం. ఉప్పెన మాటెత్తారు కాబట్టి రాస్తున్నాను.

77 నవంబరు 19న నాకు పదిహేనేళ్ళు. శనివారం. తుపానొస్తుందన్న మాట మా నాన్న విన్నాడు. విని ఏం చేశాడు? పాక మీద తాళ్ళు బిగించాడు, గడ్డివాము మీద బరువులు పెట్టాడు. ఎందుకంటే ఆయనకి తెలిసిన తుపాను అంటే గాలి, వాన. సముద్రం లేచి వస్తుందని ఆయన బుర్రలో లేదు. అయిదు మీటర్ల ఎత్తు నీళ్ళొచ్చాయి. సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. దివిసీమలో పోయినవాళ్ళు పదివేల పైమాటే. మేం మేడ ఉన్న షావుకారి ఇంటికి పరిగెత్తబట్టి ఉన్నాం. మా నాన్న తాళ్ళు బిగించిన పాక ఎక్కడికి పోయిందో ఈ రోజుకీ తెలీదు.

అందుకని నేను సర్వీసులో ఏ హెచ్చరిక చదివినా మొదట చూసేది గాలి వేగం కాదు. నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి అని. ఆ ముక్కే జనానికి ముందు చెప్పేవాణ్ణి. "కరకట్ట దాకా వస్తాయి", "రామాలయం మెట్లు మునుగుతాయి" అని. గంటకి ఇన్ని కిలోమీటర్లంటే మోటారు సైకిలు గుర్తొస్తుంది తప్ప భయం పుట్టదు.

90 మే తుపానుకి లక్షన్నరకు పైగా జనాన్ని కదిలించాం. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి రెండేళ్ళు. బతిమాలాల్సిన పనే పడలేదు. పదమూడేళ్ళ కిందటి శవాలు అందరి కళ్ళల్లోనూ ఉన్నాయి. ఇప్పుడా తరం పలచబడింది. కుర్రాళ్ళు షెల్టరు ముందు సెల్ఫీలు దిగుతున్నారు.

ఇంకొక్క రహస్యం. ఊళ్ళోకెళ్ళి అందరికీ చెప్పేవాణ్ణి కాదు. వీధికొక పెద్దావిడ ఉంటుంది, పురుళ్ళకీ పెళ్ళిళ్ళకీ ఆవిడ మాటే చెల్లుతుంది. ఆవిడ మూట కట్టిందంటే వీధి మొత్తం కదిలేది. కలెక్టరుగారు మైకులో చెప్పినా కదలనివాళ్ళు ఆవిడ చెంబు పట్టుకుని బయల్దేరితే కదిలేవారు.

ఎందుకొచ్చిన_గొడవ
నవంబరు 2, ఉదయం 9:02

అందరూ జనానిదే తప్పన్నట్టు మాట్లాడుతున్నారు. 2021 డిసెంబరు జవాద్ గుర్తుందా? ఉత్తరాంధ్ర మూడు జిల్లాల్లో యాభై వేల మందికి పైగా తరలించారు, రైళ్ళు ఆపేశారు, బళ్ళకి సెలవులు. ఏమైంది? సముద్రంలోనే నీరుగారిపోయింది. "నాన్నా పులి" కథ ఒకటో తరగతిలోనే చదువుకున్నాం కదా. వేటకెళ్ళకపోతే ఆ రోజుల కూలి ఎవడిస్తాడు? వరి కోత మీదున్న రైతు కంగారుగా కోయించుకుంటే ఆ తేమ ధాన్యం ఎవడు కొంటాడు? హెచ్చరిక ఇచ్చేవాడికి పోయేదేం లేదు. వినేవాడికే ఖర్చు.

మబ్బుల_మాస్టారు
నవంబరు 2, ఉదయం 9:40

ఖర్చు మాట నిజం, ఒప్పుకుంటాను. పులి కథ మాత్రం ఒప్పుకోను. ఆ కథలో పిల్లాడు అబద్ధం ఆడాడు. జవాద్ విషయంలో పులి వచ్చింది, చేను గట్టు దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

దానికి సరిగ్గా తిరగబడ్డ కేసు 2022 మే, అసని. తీరం దాటదు, దగ్గరికొచ్చి ఈశాన్యానికి మళ్ళుతుంది అన్నారు. చాలామంది తేలిగ్గా తీసుకున్నారు. అది మళ్ళకుండా వచ్చి మే 11న మచిలీపట్నం దగ్గర నేలెక్కింది, అదృష్టం బాగుండి అప్పటికి బలహీనపడింది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అంచనా అంటే ఒక గీత కాదు, ఒక విసనకర్ర. టీవీలో మాత్రం ఎర్ర గీత ఒకటి గీసి దాని చివర మన ఊరి పేరు రాస్తారు. గీత యాభై కిలోమీటర్లు పక్కకి జరిగితే "తప్పు చెప్పారు" అంటాం.

పులస_ప్రియుడు
నవంబరు 2, ఉదయం 9:55

అసని అంటే బంగారు రథం కొట్టుకొచ్చింది అదే కదండీ? సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి రేవుకి!

బారువ_కెరటం
నవంబరు 2, ఉదయం 10:10

అదే. బంగారం కాదు, బంగారు రంగు. చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ పోయాయి. అలల్లో దిగి తాడేసి లాగారు మావోళ్ళు. సముద్రం దగ్గరికి పోవద్దన్న హెచ్చరిక ఇంకా అమల్లో ఉండగానే. ఇప్పుడు చెప్పండి, జనానికి అర్థం కాకనా?

బీచ్‌రోడ్డు_బాబు
నవంబరు 2, మధ్యాహ్నం 1:25

విశాఖ నుంచి. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్, ఆదివారం. మాకు నాలుగు రోజుల ముందు నుంచీ చెప్పారు. చదువుకున్న ఊరు, తుపాను హెచ్చరికల కేంద్రమే ఊళ్ళో ఉంది. ముందు రోజు సాయంత్రం మేం ఏం చేశామో తెలుసా? అలలు బాగున్నాయని బీచ్‌కి వెళ్ళాం. మొక్కజొన్న పొత్తులు అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు.

మర్నాడు కిటికీ అద్దాలు పగిలాయి, ఎదురింటి నీళ్ళ ట్యాంకు ఎగిరి మా మెట్ల మీద పడింది. మధ్యాహ్నానికి గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. వెలుతురు కూడా వచ్చింది. హమ్మయ్య అయిపోయింది అనుకుని నాన్న స్కూటరు చూసుకోడానికి కిందికి దిగాడు. అపార్ట్‌మెంటు సగం మంది కిందే ఉన్నారు. ఆ తర్వాత అటు నుంచి కొట్టింది. అప్పటిదాకా కొట్టిన వైపు నుంచి కాదు, ఎదురు వైపు నుంచి. పొద్దుటి గాలికి వంగి నిలబడ్డ చెట్లన్నీ అప్పుడు పడ్డాయి. నాన్న వాచ్‌మన్ గదిలో దూరి గంటన్నర ఉన్నాడు.

"తుపాను కన్ను" అన్న మాట మేం టీవీలో వందసార్లు విన్నాం. ఆ కన్ను మన నెత్తి మీదికొస్తే ఇలా నిశ్శబ్దంగా ఉంటుందని, అదే సగం దారని, బయటికి రావద్దని ఎవరైనా ఒక్క వాక్యంలో చెప్పుంటే! చెప్పారేమో కూడా, మా చెవికెక్కలేదు.

తర్వాత రోజులు చెప్పక్కర్లేదు. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, ఏటీఎం లేదు. పాల ప్యాకెట్టుకి కిలోమీటరు లైను. మేం ముందుజాగ్రత్తగా కొన్నది రెండు బ్రెడ్డు ప్యాకెట్లు, ఒక కొవ్వొత్తి పెట్టె. నీళ్ళు పట్టుకోలేదు.

ఓరుగల్లు_పోరడు
నవంబరు 2, మధ్యాహ్నం 3:03

మాది హనుమకొండ. నేను చెప్పేది జర ఇనుండ్రి.

మోంథా అంటే మాకేంది, అది సముద్రం దిక్కోళ్ళ ముచ్చట అనుకున్నం. 28 రాత్రి టీవీల "తీరం దాటింది" అని వచ్చింది. ఇగ ఒడిసింది అని టీవీ బంద్ చేసి పండుకున్నం. 29 నాడు వాన సురువైంది సూడున్రి, ఆగనే లేదు. రాత్రికి మా గల్లీల నడుం లోతు నీళ్ళు. కింద పోర్షన్‌ల ఉన్న ముసలామెను కుర్చీల కూసోబెట్టి మేడ మీదికి మోసినం. బియ్యం, మిషిను, పిల్లల సర్టిఫికెట్లు అన్ని తడిసినయి.

అలర్ట్ రాలేదా అంటే ఫోన్ల ఉన్నది. తర్వాత చూసిన. జిల్లా పేరు తోని సహా ఉన్నది. నేను చదవలే, ఎందుకంటే "తీరం దాటింది" అనే మాట నా మనసుల "గండం గడిచింది" అని పడ్డది. సముద్రమోళ్ళకు అది ఒడిసినట్టు. మాకు అప్పుడే షురూ అయినట్టు. ఆ మాటనే మార్చాలె. "దాటింది" అనొద్దు, "మీ దిక్కు వస్తుంది" అనాలె.

మబ్బుల_మాస్టారు
నవంబరు 2, మధ్యాహ్నం 3:31

తమ్ముడూ, ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చిన మాటల్లో ఇదే నాకు కొత్తది. ముప్పై ఏళ్ళుగా "తీరం దాటింది" అంటూనే ఉన్నాను, అది ఎలా వినబడుతుందో ఒక్కసారీ ఆలోచించలేదు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ముంచినప్పుడు కూడా అంతే కదా, వాయుగుండం కళింగపట్నం దగ్గర దాటింది, మనకేం అనుకున్నారు జనం.

హ్యూస్టన్_హనుమంతు
నవంబరు 2, సాయంత్రం 6:45

ఇక్కడ తెల్లవారింది. మీరంతా రాసింది చదువుతుంటే మా ఊరి కథే చదువుతున్నట్టుంది.

2005లో రీటా వస్తుందంటే హ్యూస్టన్ నుంచి లక్షల మంది ఒకేసారి కార్లేసుకుని బయల్దేరారు. మూడు వారాల ముందే న్యూ ఆర్లీన్స్‌లో కత్రినాని టీవీలో చూసి ఉన్నారు, ఆ భయం. రోడ్ల మీద గంటలు గంటలు ఇరుక్కుపోయారు. ఎండకీ, ఒక బస్సు కాలిపోయీ తుపాను రాకముందే వంద మందికి పైగా పోయారు. తుపాను ఊరి పక్కనుంచి పోయింది.

2017లో హార్వీ అప్పుడు ఆ అనుభవం గుర్తుండి ఊరు మొత్తాన్ని ఖాళీ చేయమనలేదు. నేనప్పటికి ఇక్కడికొచ్చి ఏడాది. "కేటగిరీ 4" అన్నారు, అది గాలి లెక్క. దక్షిణాన ఎక్కడో నేలెక్కి బలం తగ్గింది, మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత నాలుగు రోజులు కదలకుండా కూర్చుని కురిసింది. ఒకచోట 60 అంగుళాలు దాటింది, మన లెక్కలో మీటరున్నర వాన. మా వీధిలోకి పడవలొచ్చాయి. ఓరుగల్లు తమ్ముడు చెప్పిందే: గాలి తగ్గగానే మనం వినడం మానేస్తాం.

ఒంగోలు_గిత్త
నవంబరు 2, రాత్రి 8:15

తుపానుకి కనీసం షెల్టరుంది, మైకుంది. ఎండకి? 2015 మేలో రెండు రాష్ట్రాల్లో కలిపి వేయి మందికి పైగా వడదెబ్బకి పోయారు. వడగాలుల హెచ్చరిక ఇస్తే మనవాళ్ళు "ఎండాకాలం ఎండ కాక ఏముంటుంది" అని నవ్వుతారు.

నిర్వాహకుడు
నవంబరు 2, రాత్రి 8:40

ఎండ మీద వేరే థ్రెడ్ తెరవండి గిత్తగారూ, అది పెద్ద విషయం. అలాగే బుడమేరు గేట్లు ఎవరు ఎత్తారు, ఎవరు ఎత్తలేదు అన్న రాజకీయం ఇక్కడ మొదలెట్టకండి. ఇప్పటికే రెండు పోస్టులు తీసేశాను.

సెల్లు_మోగింది
నవంబరు 2, రాత్రి 9:20

ఫోన్ అలర్టుల మీద నా రెండు అనుభవాలు.

ఒకటి. 2023లో ఫోన్లన్నీ ఒక్కసారి కుయ్యిమని అరిచాయి గుర్తుందా? మా అత్తయ్య ఫోన్ పేలిపోతుందనుకుని బకెట్టు నీళ్ళలో వేసింది. తీరా చూస్తే అందులో ఉన్న విషయం, ఇది పరీక్ష మాత్రమే, పట్టించుకోకండి అని. పరీక్ష చేయాల్సిందే, కాదనను. కానీ ఆ మోత జీవితంలో మొదటిసారి వినిపించినప్పుడు మనం నేర్చుకున్న పాఠం పట్టించుకోవద్దని!

రెండోది నవ్వేది కాదు. పిడుగుల మెసేజీలు మా మండలానికి బాగానే వస్తాయి, తెలుగులోనే, కాస్త ముందుగానే. నాట్లప్పుడు మా పొలంలో పన్నెండు మంది ఆడకూలీలు. అందరికీ ఫోన్లున్నాయి. అన్నీ అన్నం క్యారేజీలతో పాటు సంచుల్లో, ఆ సంచులన్నీ గట్టు మీద తుమ్మచెట్టుకి తగిలించి ఉన్నాయి. మబ్బు పట్టగానే అందరూ పరిగెత్తేదీ ఆ చెట్టు కిందికే. ఎక్కడికి వెళ్ళకూడదో అక్కడే మోగుతుంది ఫోన్. ఇప్పుడు మేస్త్రీ ఒక్కడు జేబులో పెట్టుకుంటున్నాడు, మోగగానే ఈల వేస్తాడు, అందరూ మోటారు షెడ్డుకి పోతారు.

తెలుగుబడి
నవంబరు 2, రాత్రి 9:34

ఈల! మొత్తం వ్యవస్థలో పనిచేసిన భాగం అదన్నమాట.

ఎందుకొచ్చిన_గొడవ
నవంబరు 2, రాత్రి 9:50

యూట్యూబు వాళ్ళ సంగతి కూడా చెప్పండి. అల్పపీడనం ఇంకా పుట్టకముందే "మరో దివిసీమ" అని పెద్దక్షరాలు, ఎర్ర బాణం, నోరు తెరిచిన ముఖం. జపాన్ సునామీ వీడియోకి కాకినాడ అని పేరు పెట్టి తిప్పుతారు. నెలకి నాలుగుసార్లు ప్రళయం చూస్తే అయిదోది ఎవడు నమ్ముతాడు? వాతావరణ శాఖని పులి కథతో పోల్చినందుకు వెనక్కి తగ్గుతున్నా మాస్టారూ. పులి పులి అని అరిచేది వాళ్ళు కాదు, వీళ్ళు.

రిటైర్డ్_వీఆర్వో
నవంబరు 3, ఉదయం 5:55

కూలి, ధాన్యం గురించి గొడవగారు అడిగింది న్యాయమైన ప్రశ్న. మేం ఇళ్ళకెళ్ళినప్పుడు ఎవరూ "నాకు భయం లేదు" అనేవారు కాదు. కోళ్ళున్నాయి, అల్లుడొస్తానన్నాడు, తలుపుకి తాళం సరిగా లేదు, మంచం పట్టిన అత్తగారుంది, ఇలా చెప్పేవారు. కొత్త ఉద్యోగులు వీటిని వంకలు అనుకుంటారు. వంకలు కావు. ఒక్కోటీ ఒక్కో పని. తాళం లేనివాళ్ళకి తాళం కొనిచ్చిన రోజులున్నాయి, జేబులోంచి. నిండు గర్భిణుల జాబితా రాసుకుని రెండు రోజుల ముందే ఆస్పత్రికి చేర్చేవాళ్ళం, వాళ్ళ వెనక ఇంట్లో వాళ్ళంతా వచ్చేసేవారు.

గోదారిగట్టు బాబూ, అమ్మగారు మూడు కారణాలు చెప్పారని రాశావు. గేదెలు, గడియ, 96. వాటిలో ముందు ఏది చెప్పారు?

గోదారిగట్టు
నవంబరు 3, రాత్రి 10:30

బాబాయ్ గారూ, మీరడిగాక ఫోన్ చేశాను. తిట్టకుండా, వెళ్ళమనకుండా ఊరికే అడిగాను. ముందు చెప్పింది గేదెలే.

96 నవంబరు 6 నాకు లీలగా గుర్తు, నాలుగేళ్ళవాణ్ణి. ఇల్లు పడలేదన్నది నిజం. పడకపోయినా ఆ రాత్రి మేం ఇంట్లో లేం అన్న సంగతి నాకు ఇన్నాళ్ళూ తెలీదు. నీళ్ళొస్తున్నాయని ఎవరో అరిస్తే నాన్న నన్నెత్తుకుని, అమ్మని లాక్కుని పెద్దకాపు గారి డాబాకి వెళ్ళిపోయారట. తెల్లారి వచ్చేసరికి ఇల్లుంది. పాకలో ఆవు, దూడ కట్టేసిన చోటే ఉన్నాయి. పలుపులు విప్పలేదు. నీళ్ళు పాకలో ఛాతీ ఎత్తున వచ్చి తీసిన గుర్తు గోడ మీద ఉందట. "విప్పుంటే ఈదుకునేవిరా. ఆ కంగార్లో చెయ్యి ఆడలేదు" అంది.

ఇరవైతొమ్మిదేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు నాకు. 96కే పడని ఇల్లు అంటుంటే ధైర్యం అనుకున్నాను.

రిటైర్డ్_వీఆర్వో
నవంబరు 4, ఉదయం 5:40

పశువుల్ని షెల్టరుకి తేనివ్వరు, నిజమే. కానీ ఊళ్ళో మెరక ఎక్కడో ఉంటుంది. చెరువు గట్టో, కాలవ గట్టో, ఎవరిదో కళ్ళం దిబ్బో. సాయంత్రం వెలుగుండగానే అక్కడికి తోలెయ్యాలి, కట్టకూడదు. మెళ్ళో పలుపు తీసేసి వదిలెయ్యాలి. దూడ ఉంటే తల్లి ఎక్కడికీ పోదు. తెల్లారి దొరుకుతాయి. ఆ పని తోలేవాడెవడో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో, తుపాను రోజు మనిషి దొరకడు. అది కుదిరితే అమ్మగారు కదుల్తారు. కదలకపోతే నాకు ఫోన్ చేయించు, నేను మాట్లాడతా.

ఓరుగల్లు_పోరడు
నవంబరు 4, ఉదయం 8:20

అన్నా, మీ అమ్మకు నా తరఫున దండం పెట్టున్రి. మా కింది పోర్షన్ ముసలామె గూడ గిట్లనే, కుర్చీల మోస్తుంటె "నా కుట్టు మిషిను, నా కుట్టు మిషిను" అని ఒకటే ఏడుపు. మేం అప్పుడు కోపం చేసినం.

గోదారిగట్టు
నవంబరు 6, రాత్రి 9:05

పక్కింటి మావయ్యగారబ్బాయితో మాట్లాడాను. గేదెల్ని కాలవ గట్టు మీది శివాలయం దిబ్బకి తోలతానన్నాడు, వాళ్ళవి కూడా ఉన్నాయి. అమ్మ "చూద్దాంలే" అంది. ఆవిడ నోట "చూద్దాం" రావడం ఇదే మొదలు.

ఈ థ్రెడ్ మొత్తం ఫోన్లో చదివి వినిపించాను. హుద్‌హుద్ కన్ను దగ్గర రెండుసార్లు చదివించుకుంది. అంతా విని, "అందరూ అన్నీ రాశారు గానీ బడి బాత్రూం గడియ సంగతి ఎవరూ పట్టించుకోలేదేరా" అంది. నిజమే, నేనూ వదిలేశాను. వంద మంది ఆడవాళ్ళు ఒక రాత్రి ఉండాల్సిన చోట. హెడ్‌మాస్టారికి ఫోన్ చేశాను, వచ్చి బిగించుకోమన్నారు. మొత్తం నాలుగు తలుపులట. వచ్చే ఆదివారం వెళ్తున్నాను. ఇక్కడ్నుంచే గడియలు కొని పట్టుకెళ్దామని.

బారువ_కెరటం
నవంబరు 6, రాత్రి 9:22

ఇనుపవి కొనకండి. ఉప్పుగాలికి ఏడాది తిరక్కుండా తుప్పుపట్టి ఊడిపోతాయి. ఇత్తడివి వెయ్యండి, మేకులు కూడా ఇత్తడివే.